మారిషస్సు దీవిలోని నల్లరాళ్లు



గత వేసవి సెలవులలో మావారును నేనును మారిషస్సు దీవికి బోయి పదునైదు దినము లుండి వచ్చితిమి. నా చెల్లెలి భర్త యచట నొక వస్త్రముల కర్మాగారమున లెక్కలు చూచు నుద్యోగమున నున్నాడు. "అక్కా, బావగారికి సెలవు లియ్యగానే మీ రిద్దరును రండి. ఈ దీవి యంతయు నొకప్పటి యగ్నిపర్వతమేనట. నీకు చూపవలసినవి చాల గలవు" అని నా చెల్లెలు ఫోనులో చెప్పుచునే యుండెను. ఉపాధ్యాయుని జీతముతో విమానప్రయాణము తలచిన వెంటనే జరుగునది గాదు గదా! రెండేండ్లు కూడబెట్టుకొని, మావారి మేనల్లునియొద్ద నొక మంచి కెమేరా యెరువు తెచ్చుకొని బయలుదేరితిమి.

మాది రాజమహేంద్రవరము. మావారు పాఠశాలలో భూగోళము చెప్పుదురు. నేను బడికి బోయి చదివినదానను గాను. మా నాయనగారు ఇంట గూర్చుండబెట్టుకొని భారత భాగవతములు చెప్పిరి. అంతే నా చదువు. కావున సముద్రగర్భమున నగ్ని యుండునన్న మాట నాకు పురాణకథగానే మొదట తెలిసినది.

బయలుదేరు నాటి యుదయమున, మా యత్తగారి కాలమునుండియు మాకు పాలు పోయు ముసలమ్మ, చెంబు క్రింద బెట్టి, ప్రయాణ మెక్కడికని యడిగినది. చెప్పితిని. ఆమె పుట్టినిల్లు కోరంగి చెంత నొక పల్లె. కొంతసేపు మాటాడక నిలిచి, "అమ్మగారండీ, మా ముత్తాత తమ్ముడొకాయన ఓడెక్కి ఆ మోరీసే ఎల్లిపోయాడంటండి. మళ్లీ కబురు లేదు. ఆళ్ల జాడేదైనా కనబడితే ఓ బొమ్మ తీసుకురండమ్మా" అన్నది. "ఆయన పేరేమి అవ్వా?" అంటిని. "పేరెవరికి గుర్తండి? సింహాద్రో, అప్పన్నో అయ్యుంటాది" అని నవ్వినది. నేనును నవ్వి, చూచెదనంటిని. ఆ మాట నంత తేలికగా నన్నందులకు తరువాత సిగ్గుపడితిని.

ముంబయిలో విమాన మెక్కి యారేడు గంటలలో దీవిలో దిగితిమి. హిందూమహాసముద్రమున, మడగాస్కరునకు తూర్పుగా నున్న దీ దీవి. వైశాల్యము సుమారు 1865 చదరపు కిలోమీటర్లు. భూమధ్యరేఖకు దక్షిణమున నుండుటచే, మనకు మాడుపగుల నెండలు గాయు మే నెల వారికి చలికాలపు ప్రారంభము. ఎచట జూచినను చెరకుతోటలు. చెరకుపై వెండికుచ్చులవలె పూలు. ఆ వెనుక మొనలుదేరిన నల్లని కొండలు. వానిలో నెత్తయిన శిఖరము 828 మీటర్లు. ఈ కొండలన్నియు సముద్రమునుండి పైకి లేచిన మహాగ్నిపర్వతమొకటి కూలి విరిగి మిగిలిన యంచులని మావారు చెప్పిరి. ఆ పర్వతము తలయెత్తినది 80, 90 లక్షల సంవత్సరముల క్రిందట నట.

మూడవనాడు మమ్ము నగ్నిపర్వతపు నోటికడకు గొనిపోయిరి. దీవి నడుమ మెరకమీద క్యూర్‌పీప్ అను పట్టణము గలదు. అచట వాన లెక్కువ, పొగమంచు లెక్కువ. పట్టణమును జేరియే 'త్రు ఓ సేర్' అను గొయ్యి యున్నది. ఫ్రెంచిభాషలో జింకల గొయ్యి యని యర్థము. ఈ దీవికి జింకలు సహజములు గావు. 1639లో డచ్చివారు జావానుండి తెచ్చి విడిచిరి. గొయ్యి యంచు సముద్రమట్టమునకు సుమారు 600 మీటర్ల యెత్తున నున్నది. అంచు చుట్టును బాట వేసినారు. లోతు సుమారు 80 మీటర్లు.

నే నేమేమో యూహించుకొని పోయితిని. పొగలు, సెగలు, ఎర్రగా మరగు గుండము! తీర పోయి చూడగా తెల్లని మంచు తప్ప నేమియు లేదు. అయినను నూరక యుండలేక యిరువది ఫొటోలు తీసితిని. ఇంటికి వచ్చి చూచుకొనగా నన్నియు బూడిదరంగు బట్ట పరచినట్లున్నవి. ఒకదానిలో మాత్రము మా మరదిగారి గొడుగు కనబడినది.

మరునాడు మావా రొక్కరే నాతో వచ్చిరి. గంటన్నర వేచినమీదట మంచు విడినది. గొయ్యి యొక పెద్ద గిన్నెవలె నున్నది. గోడలనిండ చెట్లు, అడుగున కొంచెము నీరు, పక్షుల కూతలు. నిప్పు జాడ యెచటను లేదు. "ఇందుకా మనము సముద్రము దాటి వచ్చినది?" అంటిని. మావారు నవ్వి, గట్టుమీద గూర్చుండి, బడిలో పిల్లలకు జెప్పునట్లు నాకు జెప్పిరి. ఆ మాటలే నాకీ ప్రయాణమున దొరకిన మొదటి లాభము.

"పొయ్యిని కదపక, దానిపై మిక్కిలి పెద్ద పెనమును మెల్లమెల్లగా జరుపుచు బోయినావనుకొనుము. పెనముమీద వరుసగా కాలిన మచ్చలు పడును గదా! భూమి లోతున నొకచోట నట్టి పొయ్యి యున్నది. పైనున్న భూమి పెంకు జరుగుచుండును. 6 కోట్ల 60 లక్షల సంవత్సరముల క్రిందట మన దేశ మా పొయ్యిపై నుండెను. అప్పుడు కరగిన రాయి పొరలు పొరలుగా బొంగి మన దక్కనులో బెద్దభాగమును గప్పినది. దేశ ముత్తరముగా జరిగినది. పొయ్యి యచటనే నిలిచినది. లక్షద్వీపములును, మాల్దీవులును దాని తరువాతి మచ్చలపై నిలిచినవే. ఆ పిమ్మట మారిషస్సు. ఇప్పుడా పొయ్యి యిచటికి సుమారు 200 కిలోమీటర్ల దూరమున నున్న రీయూనియను దీవి క్రింద మండుచున్నది. అచటి యగ్నిపర్వతము నేటికిని తరచుగా నిప్పులు గ్రక్కును."

"అయినచో మన యింటివద్ద రాయియు..." అనబోయితిని.

"అవును. గోదావరి గట్టున కాతేరులో గనబడు నల్లరాయి, పంగిడిలో బగులగొట్టి రోడ్లకు వేయు నల్లకంకర, ఆ కాలమున బారిన లావాయే. పడమటి కనుమలవైపునుండి సుమారు 1000 కిలోమీటర్లు ప్రవహించి మన తీరమును జేరినదని పెక్కురు శాస్త్రజ్ఞులు చెప్పుదురు. ఆ రాతిపొరల నడుమ నుప్పునీటి గుల్లలును దొరకినవి. ఆనాడు సముద్రపు టంచచటనే యుండెను."

నాకు కొంతసేపు మాట రాలేదు. ఏండ్ల తరబడి మా వీధిలో నేను ద్రొక్కి నడచిన కంకరయు, ఈ పరదేశపు కొండయు నొక పొయ్యి వంటయే! ఆదిపర్వములోని యౌర్వుని కథ మనసున మెదలినది. రాజులు భృగువంశమువారిని గర్భస్థశిశువులతో గూడ జంపుచుండగా, తల్లి తొడలో దాగి పెరిగి పుట్టినవా డౌర్వుడు. వాడు కోపముతో లోకములనే కాల్పబోగా, పితృదేవతలు వచ్చి వారించిరి. అంతట నా కోపాగ్నిని సముద్రమున విడిచెను. అదియే బడబాగ్ని. నన్నయ్యగారు మా యూరనే యుండి యా కథను దెనుగు చేసిరి. కథను శాస్త్రమనుట నా యుద్దేశము గాదు. అన్యాయమునుండి పుట్టిన నిప్పు సముద్రగర్భమున దాగియుండునన్న మాట మాత్ర మా గట్టుమీద నాకు మరపు రాలేదు.

తరువాత దీవికి నైరృతమున నున్న షామరెల్ పోయితిమి. అచట నడవిలో నొకచోట నేల యంతయు రంగులే. ఎరుపు, కపిలము, ఊదా, నీలము, పసుపు చాళ్లుచాళ్లుగా, ఆరవేసిన చీరల మడతలవలె నున్నవి. పచ్చికపోచ యైన మొలవదు. నల్లరాయి యెండలకు వానలకు లక్షలేండ్లు నాని, చివికి, మట్టియైనది. కరగునది వానతో కొట్టుకొనిపోగా, ఇనుము, అల్యూమినియము మొదలగు లోహముల తుప్పు మాత్రము మిగిలినది. ఎరుపంతయు నినుప తుప్పేనట. ఎవరును ద్రొక్కకుండ చుట్టును కంచె గట్టినారు. ఫొటోలు తీయగోరు సోదరీమణు లుదయమే పోవలెను. నడిమధ్యాహ్నమున నెండ నిలువుగా బడి చాళ్ల నీడలు మాయమగును, రంగులు వెలవెలబోవును. దగ్గరనే సుమారు 100 మీటర్ల యెత్తునుండి దుముకు జలపాత మొకటి గలదు.

దక్షిణమున సూయాక్ గ్రామమునొద్ద రోచెస్టరను మరియొక జలపాతము చిన్నదే కాని, దాని గోడ చూడదగినది. ఎవరో యుచిత కొలతలతో చెక్కి నిలిపినట్లు రాతిస్తంభములు వరుసగా నున్నవి. లావా చల్లారునపుడు కుదించుకొని, చెరువు మట్టి యెండి బీటలువారినట్లు నిలువుగా బగులుటచే నిట్లగునట. కొండలమీద గంగాతలావు అను సరస్సును జూచితిమి. అదియు నొక యగ్నిపర్వతపు నోరే. 1972లో మన గంగాజలమును దెచ్చి యందు గలిపిరి. శివరాత్రికి దీవిలోని హిందువు లనేకులు తెల్లని కావళ్లతో కాలినడకను వత్తురు. 2007లో నిలిపిన 108 అడుగుల శివుని విగ్రహ మచట గలదు. త్రోవలో చిన్న యెర్రని జామపండ్లు ఉప్పుకారము చల్లి యమ్ముచుండగా కొని తింటిమి. మన రేగుపండ్లంత యుండును. పులుపు, తీపి కలసిన రుచి.

ఆనాడు మాతో నా చెల్లెలి పొరుగింటామె వచ్చినది. ఉద్యోగము విరమించిన యుపాధ్యాయిని. అయిదు తరముల క్రిందట వచ్చిన తెలుగువారి యాడుపడుచు. ఇంట మాటాడునది క్రియోల్ భాష. తెలుగు పుస్తకములతో నేర్చుకొన్నది. అందుచే నామె తెలుగు నా తెలుగుకంటెను గ్రాంథికముగా నుండెను! వారికి ఉగాది ప్రభుత్వపు సెలవు దినము. అమ్మోరు పండుగయు, సింహాద్రి యప్పన్న పూజయు, రామభజనయు నేటికిని జరుపుకొందురు.

తిరుగు త్రోవలో నామె, "చెల్లెమ్మా, ఉదయమునుండియు రాళ్ల బొమ్మలు తీయుచున్నావు. వానిని తీయలేదేమి?" అని కిటికీలోనుండి చూపినది. చెరకుతోట నడుమ మనిషికి రెండింత లెత్తున నల్లరాళ్ల గుట్ట యొకటి యున్నది. అట్టివి వచ్చిననాటినుండియు జూచుచునే యుంటిని, చిన్న కొండలనుకొంటిని. కారాపించి దిగితిమి. దగ్గర బోయి చూడగా నవి కొండలు గావు. రాతిమీద రాయి పెట్టి పేర్చినవి. అంచులలో పెద్దరాళ్లు, నడుమ చిన్నరాళ్లు. జారకుండ చక్కగా గుదిర్చినారు. సున్నము లేదు, మట్టి లేదు.

ఆమె చెప్పినది: "ఇచట చెరకు వేయవలెనన్న మొదట నేలనుండి రాళ్లు తీయవలెను. నీ యగ్నిపర్వతము పారించిన రాయి విరిగి నేలయంతయు నిండియుండును. మొదట ఆఫ్రికానుండియు, మడగాస్కరునుండియు దెచ్చిన బానిసలు తీసిరి. 1835లో బానిసత్వము రద్దయినది. అంతకు ముం దేడాదినుండియే మన దేశమునుండి కూలీలను ఒడంబడికమీద దెచ్చుట మొదలుపెట్టిరి. 1920 వరకు సుమా రయిదు లక్షలమంది వచ్చిరి. హెచ్చుమంది కలకత్తానుండి, కొందరు మద్రాసు, బొంబాయిలనుండి. మన తీరమువారికి కోరంగి రేవునుబట్టి కోరంగులని పేరు. వీరందరును చేతులతో నెత్తిన రాళ్లివి. దూరము మోయుటకు తావు లేక తోటలోనే పేర్చిరి. యంత్రములు వచ్చిన పిదప కొన్నింటిని దీసివేసినారు. మిగిలినవి మిగిలినవి."

నేను వంగి, క్రింద బడియున్న రాయి నొకదానిని లేపబోయితిని. పిల్లవాని తలంత యుండును. రెండు చేతులతో నడుమువరకు లేవనెత్తి విడిచితిని. అరచేతులకు గరుకు పట్టి మంట పుట్టినది.

ఫొటో తీయబోగా కెమేరా నా మాట వినలేదు. నల్లరాయి వెలుగును మ్రింగును. కెమేరా వెలుతురు చాలదని భ్రమించి బొమ్మను దెల్లబరచును. రాయి వెలిసిన గుడ్డవలె గనబడును. వెలుతురు తగ్గించి తీయగా నలుపు నలుపుగా నిలిచినది. కాని యెత్తెంతో తెలియలేదు. పొరుగింటామెను ప్రక్కన నిలువుమని వేడితిని. ఆమె వచ్చి, నిలిచి, తన చేతి నొక రాతిపై వైచినది. అప్పుడు ప్రొద్దు వాలుచున్నది. ఏటవాలు వెలుగులో నొక్కొక్క రాయి వేరువేరుగా గనబడినది. పదునైదు దినములలో నేను తీసిన మంచి బొమ్మ యది యొక్కటే.

మరునాడామె మమ్ము రాజధానియగు పోర్టులూయీలోని ఆప్రవాసి ఘట్టమునకు గొనిపోయినది. ఓడ దిగిన కూలీలను మొదట నుంచిన తావిది. 1849లో గట్టిరి. 2006లో యునెస్కోవారు ప్రపంచవారసత్వ స్థలముగా గుర్తించిరి. రేవునుండి పైకి వచ్చు మెట్లు, గోడలు నంతయు నా నల్లరాయియే. ఆ మెట్లకడ నేను కెమేరా తీయలేదు. ఏలయో చేయి రాలేదు.

అచటనే యామె తన సంచినుండి యొక కాగితము తీసి చూపినది. దానిమీద నొక స్త్రీ ఫొటో యుండెను. పాతికేండ్ల వయసు, నుదుట గీతలు, చూపు తిన్నగా మనవైపే. "మా ముత్తవ్వకు తల్లి. 1860 దశకమునుండి కూలీలకు ఫొటోలు తీసిరి. పని విడిచి పారిపోకుండ గుర్తుపట్టుటకు. ఒక్కొక్కరికి నొక సంఖ్య నిచ్చిరి. ఆ పుస్తకములు మోకాలోని మహాత్మా గాంధీ సంస్థలో నున్నవి. పేరు, తండ్రి పేరు, వయసు, ఎత్తు, ఒంటిమీద గుర్తులు, ఊరు అన్నియు వ్రాసినారు. ఆమెకు ముందెవరును ఫొటో తీసియుండరు, తరువాతను తీయలేదు. పట్టుకొనుటకు దీసిన బొమ్మయే మాకు పూజలోని బొమ్మ యైనది."

అప్పుడు మా పాలమ్మ మాట జ్ఞప్తికి వచ్చి, సంగతి యంతయు జెప్పితిని. ఆమె చిరునవ్వు నవ్వినది. "సింహాద్రియో, అప్పన్నయో యని మాత్రము చెప్పినచో నే నేమి చేయుదును? మా దీవిలో అప్పడు అను నింటిపేరువా రెంతమంది! అందరును మీ పాలమ్మకు చుట్టములే. తండ్రి పేరైన దెలిసినచో వెదకవచ్చును. నీవు మరల వ్రాయుము, నేను పోయి చూచెదను."

ఇల్లు చేరిన మరునాడు పాలమ్మను గూర్చుండబెట్టి బొమ్మలన్నియు జూపితిని. జింకల గొయ్యి చూచి, "చెట్లేనా అండి" అన్నది. రంగుల నేలను జూచి, "పంట పండదేమో" అన్నది. రాళ్లగుట్ట రాగానే మాటాడలేదు. నేను తెలిసినదంతయు జెప్పితిని. ఆమె బొమ్మను దగ్గరగా బెట్టుకొని చాలసేపు చూచినది.

"ఒక్కో రాయీ ఎంత బరువుంటదండి?"

నే నెత్తిన రాయి సంగతి చెప్పితిని.

"రోజుకెన్ని ఎత్తేవోరో" అన్నది. కొంతసేపటికి, "మావోడు పేర్చినయీ ఇందులో ఉంటాయి లెండి. ఇది నాకియ్యండమ్మా" అన్నది. పెద్దదిగా ముద్రింపించి యిచ్చితిని. ఆ యవ్వ తండ్రితరమువారి పేర్లు తెలిసిన ముదుసలి యొకడు కోరంగి చెంత నింకను బ్రదికియున్నాడట. వచ్చే యాదివారము మావారును నేనును పోయి వ్రాసికొని వత్తుము.

సోదరీమణులారా! మీ యిండ్లలోను, మీ ముంగిట పనిచేయువారి యిండ్లలోను, ఎవరో యొకప్పుడు ఓడ యెక్కి పోయి మరల రాలేదని చెప్పుకొను పెద్దలుందురు. ఆ మాటను నావలె నవ్వి విడువకుడు. కూర్చుండబెట్టి యడిగి, పోయినవాని పేరు, తండ్రి పేరు, ఊరు, ఈ మూడింటిని కాగితముమీద వ్రాసి పెట్టుడు. చెప్పగలవారు పోయిన పిదప, సముద్రమునకు ఆవలి పుస్తకములు తెరచియే యున్నను వెదకుట కేమియు మిగులదు.